అమ్మ గదికి నీలమా, గంధమా: మా ఇంట్లో పదిహేడు రోజులు

కనుమ వెళ్లిన మూడో రోజు, జనవరి 18 శనివారం, అమ్మను వెంటబెట్టుకుని పెయింట్ షాపుకి వెళ్లాను. సంక్రాంతికి ముందు చెన్నైలో పెయింటర్ దొరకడం కష్టం. డిసెంబరులో ముగ్గురిని అడిగితే ముగ్గురూ పొంగల్ అయ్యాక చూద్దామన్నారు. నేనూ వర్షాలు పూర్తిగా తగ్గాలని ఆగాను. మాది పెరంబూరులో రెండో అంతస్తు ఫ్లాట్. అమ్మ గూడూరు నుంచి మా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. ఆమె గది 11 అడుగులు, 12 అడుగులు. ఒకటే కిటికీ, అదీ పడమటి వైపు. బిల్డర్ వేసిన పీచ్ రంగు మాసిపోయి, బాత్రూం పక్క గోడ మీద ఉప్పు పూసింది.

తొందర ఎందుకంటే, డిసెంబరు 12న అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఫిబ్రవరి 20న అని తేదీ ఇచ్చారు. ఆలోగా గీకడం, దుమ్ము, వాసన అన్నీ అయిపోవాలి. రథసప్తమి నాటికి తన గదిలో తను ఉండాలని అమ్మ కోరిక. అది ఫిబ్రవరి 4. అంటే చేతిలో ఉన్నది రెండున్నర వారాలు. ఒక్క గదికి అంత సమయం ఎందుకు అనుకున్నాను, కానీ ప్రతి రోజూ పట్టింది.

నేను గంధం రంగు అని ముందే నిర్ణయించుకుని వెళ్లాను. చిన్న గది, ఒకటే కిటికీ, పెద్దావిడ, కాబట్టి లేత రంగు ఉంటే వెలుతురుగా ఉంటుందని నా లెక్క. షాపతను షేడ్ కార్డు తెరవగానే అమ్మ వేలు నేరుగా నీలం మీదకి వెళ్లింది. లేత నీలం కూడా కాదు. "మన వంటింట్లో సున్నంలో నీలిమందు ఎక్కువ పడినప్పుడు వచ్చేది చూడు, ఆ రంగు" అంది. గూడూరు ఇంట్లో ఏటా పండక్కి ముందు వెల్ల వేసేటప్పుడు నీలిమందు కలిపేది అమ్మే. నాన్న సున్నం నానబెడితే, ఆమె గుడ్డలో మూట కట్టి పిండేది. అది గుర్తొచ్చి నేను ఏమీ అనలేకపోయాను. కానీ మనసులో మాత్రం, ఇంత చిన్న గదికి నీలం వేస్తే గుహలా అయిపోతుందని భయం.

షాపతను మంచివాడు. కార్డు మీద చిన్న ముక్క చూసి ఎంచుకోవద్దని, 200 మిల్లీలీటర్ల సాంపిల్ డబ్బాలు తీసుకెళ్లి చూసుకోమని చెప్పాడు. రెండూ కలిపి 420 రూపాయలు. మెషీన్‌లో రంగు కలిపించాక ఏ డబ్బా అయినా వెనక్కి తీసుకునేది లేదని కూడా అప్పుడే చెప్పాడు. ఆ మాట నేను సరిగ్గా వినలేదు.

మరుసటి రోజు ఆదివారం. మంచానికి ఎదురుగా ఉన్న గోడ మీదే నేరుగా రెండు చదరాలు వేశాను. ఎడమ పక్క గంధం, కుడి పక్క నీలం, ఒక్కోటి అడుగున్నర. అలా వేయడం పెద్ద పొరపాటు. పచ్చిగా ఉన్నప్పుడు రెండూ లేతగా కనిపించి, ఆరేసరికి ముదిరాయి. అదీకాక చుట్టూ ఉన్న పాత పీచ్ రంగు వల్ల నీలం ఉన్నదానికంటే గాఢంగా కొట్టొచ్చినట్టు కనిపించింది. గంధమేమో మురికి పట్టినట్టు ఉంది. పక్కనే ఇంకో రంగు ఉంటే కన్ను ఏ రంగునీ ఉన్నది ఉన్నట్టు చూడదు. కిటికీ కింద కూడా కాస్త వేసి చూశాను. అక్కడ చెమ్మ ఉన్నట్టుంది, సాయంత్రానికి పొంగులు వచ్చాయి.

ఆ తర్వాత మూడు రోజులు అమ్మతో నాకు నిజంగా కష్టమైంది. పొద్దున అడిగితే "ఆ నీలం బాగుంది" అంటుంది. మధ్యాహ్నం కునుకు తీసి కళ్లు తెరిచి "ఇదేం రంగే, పాచి పట్టినట్టుంది" అంటుంది. కూర్చోబెట్టి మళ్లీ అడిగితే "బాగానే ఉందిలే" అంటుంది. గంధం చదరాన్ని చూపిస్తే ఒకసారి "తెలుపే కదా" అని, ఇంకోసారి "గోడ రంగుకీ దీనికీ తేడా ఏముంది" అని. నా మాట కాదనలేక మొహమాటపడుతోందని అనుకున్నాను. మంగళవారం కాస్త విసురుగా కూడా మాట్లాడాను. ఏదో ఒకటి చెప్పమ్మా, పెయింటర్‌కి ఫోన్ చెయ్యాలి అని. ఆమె ఊరుకుంది.

22వ తేదీ బుధవారం మధ్యాహ్నం విషయం బయటపడింది. అమ్మ కుడివైపు తిరిగి పడుకుని ఉంది. నేను మందు వేయడానికి వెళ్తే, తల ఎత్తకుండానే, "చూడు, ఇప్పుడు మళ్లీ పాచి రంగు అయింది" అంది. వెంటనే లేచి కూర్చుని, "ఇప్పుడు నీలం" అంది. అప్పుడు తట్టింది నాకు. కుడివైపు పడుకుంటే కుడి కన్ను తలగడలో ఉంటుంది. అంటే ఆపరేషన్ కాని ఎడమ కంటితోనే చూస్తోంది. పక్కన కూర్చుని ఒక్కో కన్ను మూయించి అడిగాను. కుడి కంటికి నీలం నీలంగా, గంధం దాదాపు తెల్లగా కనిపిస్తున్నాయి. ఎడమ కంటికి నీలం ఆకుపచ్చ కలిసిన మట్టి రంగులా, గంధం టీ మరక పడిన గుడ్డలా. రెండూ తెరిస్తే మధ్యస్తంగా ఏదో. మూడు రోజులూ ఆమె చెప్పింది చెప్పినట్టు నిజమే. నేనే విసుక్కున్నాను.

కాసేపటికి బీరువా తీయమంది. అడుగు అరలోంచి మూడేళ్ల క్రితం ఉగాదికి నేను పెట్టిన చీర తీయించింది. ముదురు నీలం పట్టుచీర, సన్నటి జరీ అంచు. దాన్ని ఆమె ఒక్కసారి కూడా కట్టలేదు. నాకు నచ్చిందని కొన్నాను కాబట్టి, ఎందుకు కట్టడం లేదని అడగడానికి మనసొప్పక నేనూ వదిలేశాను. చీరను ఒడిలో పెట్టుకుని ఎడమ కన్ను మూసుకుని చూసి, "ఇది నీలమా! పండగ పూట కూతురు నల్ల చీర పెట్టిందేమిటా అనుకున్నాను, నీతో ఎలా చెప్పను" అంది. నా దగ్గర మాట లేదు. మూడేళ్లు మా ఇద్దరి మధ్యా ఆ చీర అలా మడతల్లో ఉండిపోయింది. ఆ మూడేళ్లూ ఆమె కళ్లకు లోకం ఆ టీ మరక వెనకే ఉందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆమెకీ తెలియదు.

23వ తేదీ నుంచి పద్ధతిగా చూడడం మొదలుపెట్టాను. గోడ మీద కాకుండా చార్టు కాగితం మీద వేస్తే అది తడికి చుట్టుకుపోయింది. అందుకని స్టేషనరీ షాపులో మందపాటి తెల్ల అట్టలు నాలుగు తెచ్చాను, 80 రూపాయలు. చుట్టూ రెండంగుళాలు తెలుపు వదిలి, రెండు కోటింగులు వేసి, ఆరబెట్టి, రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టకుండా విడివిడిగా గది అంతా తిప్పాను. ఒక గోడకి ఆనించి రెండు గంటలు, ఇంకో గోడకి రెండు గంటలు. కిటికీ ఉన్న గోడకి వేసిన రంగు ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగానే ఉంటుంది, వెలుతురు దాని వెనక నుంచి వస్తుంది కాబట్టి. చిన్న నోటుబుక్కులో టైము, ఏ గోడ, అమ్మ కుడి కన్ను, ఎడమ కన్ను, నా కన్ను అని గీతలు గీసి రాసుకున్నాను. మా ఆయన మొదట అది చూసి ఇంత అవసరమా అన్నారు గానీ, రెండో రోజు నుంచి ఆఫీసు నుంచి రాగానే నోటుబుక్కే తీసి చూసేవారు.

ఈ పట్టిక వల్ల తెలిసిన వింత ఒకటుంది. మా కిటికీ పడమటికి కాబట్టి పొద్దున పూట ఎండ రాదు, నీడ వెలుతురే వస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ ఎదురు అపార్ట్‌మెంట్ గోడకి ముదురు పసుపు వేశారు. పొద్దున సూర్యుడు ఆ గోడ మీద పడి, ఆ పసుపంతా మా గదిలోకి తిరిగి వస్తోంది. ఎనిమిది నుంచి పదిన్నర దాకా గంధం అట్ట బంగారంలా ఉంది. నీలం అట్ట నా కంటికి కూడా కొంచెం పచ్చగా కొట్టింది. మధ్యాహ్నం రెండూ స్తబ్ధుగా ఉన్నాయి. మూడున్నర దాటాక నేరుగా ఎండ వచ్చిందంటే గంధం నారింజలోకి తిరిగి, దానికి ఎదురుగా కూర్చోలేకపోయాం. చెన్నైలో సాయంత్రపు ఎండ గురించి మనకి చెప్పక్కర్లేదు, జనవరిలోనే ఇలా ఉంటే మే నెలలో ఎలా ఉంటుంది? నీలం మాత్రం ఆ ఎండలో నిలకడగా ఉంది. నా లెక్క అక్కడ మొదటిసారి కదిలింది.

రాత్రి లైటు ఇంకో సంగతి. గదిలో పసుపు వెలుగు బల్బు ఉండేది, డబ్బా మీద 3000 కె అని ఉంది. ఆ అంకె తక్కువైతే వెలుగు పసుపు, ఎక్కువైతే తెలుపు. ఆ బల్బు కింద నీలం బూడిద రంగయింది. హాల్లోంచి 6500 కె ట్యూబు తెచ్చి పెడితే నీలం సూటిగా తేలింది గానీ గంధం పాలిపోయింది, గది కూడా ఆసుపత్రిలా అనిపించింది. చివరికి 4000 కె బల్బులు రెండు కొన్నాను, 240 రూపాయలు. వాటి కింద రెండు రంగులూ పగలు కనిపించినట్టే ఉన్నాయి. రంగు ఎంచుకోకముందే బల్బు ఎంచుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. షాపులో అంత మందిని అడిగాను, ఒక్కరూ మా గదిలో ఏ బల్బు ఉందని అడగలేదు.

25వ తేదీ రాత్రి రెండున్నరకి చప్పుడైతే లేచి వెళ్లాను. అమ్మ మంచం పక్క గోడని అరచేత్తో తడుముతోంది, స్విచ్ కోసం. మా స్విచ్‌బోర్డులు మీగడ రంగువి. గోడ పీచ్. చిన్న నైట్‌ల్యాంప్ వెలుగులో రెండూ కలిసిపోయాయి. రోజూ ఇలాగే వెతుకుతావా అని అడిగితే, "అలవాటే, దొరుకుతుందిలే" అంది. నాకు నిద్ర ఎగిరిపోయింది. నీలం అట్టకి మధ్యలో స్విచ్‌బోర్డంత చదరం కత్తిరించి, బోర్డు చుట్టూ సరిపోయేలా టేపుతో అంటించాను. లైటు ఆర్పి, అమ్మని గుమ్మం దగ్గర నుంచి చూడమన్నాను. ఎడమ కన్ను మూసినా, కుడి కన్ను మూసినా ఒక్కసారికే వేలు పెట్టి చూపించింది. గంధం అట్టతో అదే చేశాం. రెండుసార్లు వేలు పక్కన పెట్టింది. ఆ రాత్రితో నా గంధం అయిపోయింది. అందంగా ఉంటుందనే చూసుకున్నాను గానీ, ఆమె అర్ధరాత్రి దేన్ని పట్టుకుని నడుస్తుందో నేను చూసుకోలేదు. తలుపు ఫ్రేము తెలుపు, అది కూడా నీలం పక్కన అలాగే తేలుతుంది.

27న సోమవారం కంటి డాక్టర్ దగ్గర చెకప్ ఉంది. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. నోటుబుక్కు చూపించాను. వయసుతో పాటు కంట్లో ఉండే సహజమైన లెన్సు పసుపు పచ్చబడుతుందని, శుక్లం ముదిరే కొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుందని, అది నీలం వెలుతురును ఎక్కువగా ఆపేస్తుందని ఆవిడ చెప్పారు. ఏళ్ల మీద నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదట. ఒక కంటికి కొత్త లెన్సు పడ్డాక పక్కపక్కన పోల్చుకున్నప్పుడే తెలుస్తుంది. రెండో కన్ను కూడా అయితే ఈ తేడా పోతుందన్నారు. రంగు ఏ కంటికి సరిపోయేలా ఎంచుకోవాలని అడిగాను. ఆపరేషన్ అయిన కంటికే ఎంచుకోండి, రేపటి నుంచి ఆవిడ చూడబోయేది దాంతోనే కదా అన్నారు. గోడలు గీకే రోజుల్లో మాత్రం అమ్మ ఇంట్లో ఉండకూడదని, దుమ్ము కంట్లో పడకూడదని గట్టిగా చెప్పారు.

28న పెయింటర్ వచ్చి చూసి వెళ్లాడు. గుమ్మిడిపూండి వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. నాలుగు రోజుల పని అన్నాడు. తనకి రోజుకి 1,100, సాయానికి వచ్చే పిల్లవాడికి 900. సామాను మేమే కొనాలి. 29న పొద్దున్నే అమ్మని విల్లివాక్కంలో పిన్ని వాళ్లింట్లో దింపి వచ్చాను. ఆ రోజు గీకుడు, లప్పం. ఉప్పు పూసిన చోట నీళ్లతో కడగబోతే అతను వద్దన్నాడు, కడిగితే ఉప్పు మళ్లీ గోడ తాగేస్తుందట. పొడి బ్రష్‌తో రాల్చి, బాత్రూంలో టైల్స్ సందులు వైట్ సిమెంటుతో పూడ్చి, ఆ మేర ఫ్యాను పెట్టి ఆరనిచ్చాడు. 30న ఎమరీ పేపరు పట్టి ప్రైమర్ వేశారు. ఆ రోజు దుమ్ము చూశాక, డాక్టరు చెప్పిన మాట ఎంత నిజమో అర్థమైంది. తలుపు కింద తడి గుడ్డ పెట్టినా వంటింట్లో గిన్నెల మీద కూడా తెల్లగా పొర.

31 శుక్రవారం మొదటి కోటింగ్. నాలుగు లీటర్ల నీలం, 2,600 రూపాయలు, ఒకేసారి కొనేశాను. మధ్యాహ్నం రెండింటికి గదిలోకి వెళ్లి చూసి గుండె జారిపోయింది. అట్ట మీద చూసిన నీలం కాదు అది. నాలుగు వైపులా ముదురు నీలం, మధ్యలో నేను, నీళ్ల ట్యాంకులో నిలబడ్డట్టు. చేతులు వణికాయి. ఆరాక ఇంకా ముదురుతుందని తెలుసు కాబట్టి టెన్షన్ ఇంకా ఎక్కువైంది. పెయింటర్ మాత్రం తొణకలేదు. "ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడుతుందమ్మా. అట్టకి అది ఉండదు. నాలుగు గోడలకీ వేస్తే ఏ రంగైనా ఒక మెట్టు ఎక్కుతుంది" అన్నాడు. ఈ ముక్క 28న చెప్పి ఉంటే బాగుండేది. అడిగితే, మీరు అట్టలు కోసి మరీ చూశారు కదా, తెలుసనుకున్నాను అన్నాడు.

అమ్మకి ఫోన్ చేశాను, గొంతు పూడుకుపోయింది. ఆమె శాంతంగా, "ఖాళీ గది అలాగే ఉంటుంది అమ్మాయ్. మంచం, బీరువా పెట్టాక చూడు. అయినా నీకు భయంగా ఉంటే ఒక మెట్టు తగ్గించు, నీలం నీలమేగా" అంది. నేను గంధానికి వెళ్లిపోదామా అని అడగబోయి ఆ మాట విని ఆగాను. షేడ్ కార్డులో అదే పట్టీలో దాని పైన ఉన్న, ఒక మెట్టు లేత నీలం ఎంచుకున్నాం. షాపులో మిగిలిన రెండున్నర లీటర్లు వెనక్కి తీసుకోమని బతిమాలాను. కుదరదన్నాడు, మొదటి రోజే చెప్పాడు కాబట్టి నేను మాట్లాడే వీలు లేదు. ఆ డబ్బా ఇప్పటికీ అటక మీద ఉంది. మొదట ఒకే లీటరు కొని, ఎదురెదురుగా ఉన్న రెండు గోడలకి వేసి, ఒక రోజు చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కొత్త నీలం లీటరు డబ్బాలు మూడు, 2,040. ఫిబ్రవరి 1న ఒక కోటింగ్, 2న ఇంకోటి. 2 ఆదివారం, అతనికి సెలవు. రథసప్తమి సంగతి చెప్పి అడిగితే, మా అమ్మకైనా ఇంతే కదా అని వచ్చాడు. అలా నాలుగు రోజుల పని అయిదయింది. పిల్లవాడు మూడు రోజులే వచ్చాడు కాబట్టి కూలి 8,200. ప్రైమర్, లప్పం, వైట్ సిమెంటు కలిపి 1,150. సాంపిళ్లు, అట్టలు, బల్బులు అన్నీ వేసుకుంటే మొత్తం 14,730 అయింది. పదివేలలో అయిపోతుందనుకున్నాను.

3వ తేదీ అంతా కిటికీ తెరిచి, నేల రెండుసార్లు తుడిచి, సామాను సర్ది సాయంత్రం ఆరింటికి అమ్మని తీసుకొచ్చాను. లైటు వేయలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, తడుముకోకుండా స్విచ్ వేసింది. బాగుందని కూడా అనలేదు. గోడ మీద చెయ్యి వేసి, "నాన్న ఉంటే నీలిమందు ఎక్కువైందని అనేవారు" అంది. మర్నాడు డాబా మీద చిక్కుడుకాయల రథం పెట్టి, పాలు పొంగించి, దిగివచ్చి ఆ గదిలోనే కూర్చుని ప్రసాదం తింది. పొద్దున పూట ఎదురింటి పసుపు ఇప్పటికీ వస్తుంది, తొమ్మిది గంటలకి ఒక గోడ కాస్త పచ్చగా ఉంటుంది. దానికి మేం చేసేదేమీ లేదు.

20న ఎడమ కంటి ఆపరేషన్ అయింది. 21న కట్టు విప్పారు. ఇంటికి రాగానే చెప్పు కూడా సరిగ్గా విడవకుండా తన గదిలోకి వెళ్లి, గోడ ముందు నిలబడి, చేతిని కంటికి తగలకుండా అడ్డం పెట్టుకుని ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను చూసుకుంది. మళ్లీ మొదటిది. "ఒకటే" అంది. తర్వాత బీరువా తెరిచి అడుగు అరలోంచి ఆ చీర తీసి మంచం మీద పరిచింది.

"దీనికి జాకెట్టు కుట్టించలేదు" అంది. "ఉగాది లోపల ఇస్తాడేమో అడుగు, మీ టైలర్‌ని."